కాశీబుగ్గలో గుండు, బద్ద

భావనపాడు రేవులో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని కాశీబుగ్గకు దారి అడిగితే, "టెక్కలెళ్లి బస్సెక్కు బాబూ, ఎండెక్కకముందే బయల్దేరు" అన్నాడు. షేర్ ఆటోలో ఇరుక్కున్నాను. నౌపడ దగ్గర ఉప్పు మడులు ఏప్రిల్ ఎండకి కళ్లు తెరవనివ్వలేదు. మూలపేటలో 2023లో శంకుస్థాపన చేసిన పోర్టు పుణ్యమా అని దారిలో టిప్పర్ల దుమ్ము. టెక్కలిలో గ్రానైట్ బండల లారీల మధ్య నుంచి బస్సు అందుకున్నాను.

రైలెక్కేవాళ్లకు పలాస, బజారుకొచ్చేవాళ్లకు కాశీబుగ్గ. రెండూ కలిపి ఒకే మున్సిపాలిటీ. కేటీ రోడ్డు మీద బట్టల కొట్లు, బంగారం కొట్లు, మందుల షాపులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఉద్దానం పల్లెల నుంచి సంచీలతో దిగేవాళ్లలో కొందరి చేతుల్లో ఆస్పత్రి ఫైళ్లు కూడా ఉన్నాయి. అక్కడి కిడ్నీ రోగులకని పలాసలో 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది. బజారు పనీ, ఆస్పత్రి పనీ ఒకే బస్సు ఖర్చుతో చూసుకుంటున్నారు జనం.

నేనొచ్చింది మాత్రం జీడిపప్పు కోసం. కొట్టులో కూర్చున్నాయన తలెత్తకుండానే "ఏటి కావాల బాబూ, గుండా, బద్దా?" అన్నాడు. ముందు వరసగా పళ్లేలు. 180, 210, 240, 320 అని అట్టముక్కల మీద రాసి ఉంది. ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, దాదాపు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధరా పెద్దదే. చీలిపోతే బద్ద, ఇంకా విరిగితే ముక్క. రుచిలో తేడా ఏమీ లేదు, తిని చూశాను. తేడా అంతా పిక్క పగలగొట్టేచోట పుడుతుంది.

అదీ చూశాను. ఉడికించి ఆరబెట్టిన పిక్కని ఒకామె కత్తుల మధ్య పెట్టి, చేత్తో ఒక మీట లాగి, కాలితో ఇంకోటి నొక్కుతోంది. టక్కుమంటే పెంకు రెండుగా విడిపోతుంది. పప్పుని చిన్న మొనతో బయటికి లాగాలి. చేయి వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే గుండు కాస్తా బద్ద. పెంకులోని జీడి తగిలితే చర్మం కాలుతుంది కాబట్టి చేతులకు నూనె పూసుకుంది, అయినా వేళ్లు నల్లగానే ఉన్నాయి. కూలి కిలోల లెక్కన. తర్వాత ఆ పప్పుని వేడికి ఆరబెట్టి, ఎర్రపొర ఒలిచి, ఏరి, డబ్బాలకెత్తుతారు. పెళ్లి కానుకల పెట్టెలో కనిపించే ఆ తెల్లటి నునుపు వెనక ఇంతమంది చేతులున్నాయి. అట్టముక్క మీద అంకె పప్పుకే గాని వాళ్లకు లేదు.

"పిక్క ఉద్దానందేనా?" అన్నాను మళ్లీ కొట్టుకొచ్చి.

"కొంత మనదే బాబూ. సరిపోదు గదా, మిగతాది ఆఫ్రికా నుంచి ఓడల మీద వస్తాది."

ఇక్కడి రైతులకు ఆ ఓడలంటేనే మంట. తమ పిక్కకి ధర రావట్లేదని, 80 కిలోల బస్తాకి 16 వేలివ్వాలని ఉద్దానంలో ఆందోళనలు జరిగాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి, జీడితోటల్ని, కొబ్బరిని పడగొట్టింది. జీడి నాటిన ఏడాదికే కాసే చెట్టు కాదు. మళ్లీ నాటినవాళ్లకు కాపుకొచ్చేనాటికి మంచి ధర దక్కాలనడం గొంతెమ్మ కోరికేమీ కాదు. అదే అంటే, కొట్టాయన మాత్రం జవాబివ్వకుండా, ఒడియాలో బేరమాడుతున్న దంపతుల వైపు తిరిగి అదే భాషలో ధర చెప్పడం మొదలుపెట్టాడు.

అరకిలో బద్ద తీసుకున్నాను. పాయసంలోకి గుండు దండగ. పలాస స్టేషన్ బయట ఇంకొకాయన అదే బద్దని కాస్త తక్కువ ధరకే చెప్పాడు. బేరం కూడా ఆడకముందే.