రాళ్ళబాటకు ఏ సైకిలు?

సైకిలు తొక్కడం గుండెకూ, ఊపిరితిత్తులకూ, కాళ్ళకూ మంచి వ్యాయామమని మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. కాని తొక్కబోయే దారి ఎలాంటిది, దానికి తగిన సైకిలు ఏది అన్న సంగతి చాలామంది పట్టించుకోరు. పదిరోజులు తొక్కేసరికి చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది, మోకాలు సలుపుతుంది. "సైకిలు మన వంటికి పడలేదు" అని దాన్ని గోడకు ఆనించేస్తారు. నిజానికి చాలాసార్లు లోపం ఎంచుకున్న సైకిలులోనో, దానిమీద కూర్చునే తీరులోనో వుంటుంది.

ఈ సంగతి తెలుసుకోవడానికి బెల్జియంలోని ఫ్లాండర్స్‌ను మించిన చోటు లేదు. షెల్ట్ నది ఒడ్డున ఔదనార్డె అనే చిన్న పట్టణం వుంది. 16వ శతాబ్దపు టౌన్‌హాలు ముందు విశాలమైన చౌకు, అక్కడే సైకిలు పందేల మ్యూజియం. 1913లో మొదలైన "టూర్ ఆఫ్ ఫ్లాండర్స్" పందెం 2012 నుంచి ఈ వూళ్ళోనే ముగుస్తోంది. మనవాళ్ళెవరైనా చదువుకో, ఉద్యోగానికో ఆ దేశం వెళ్ళివుంటే, మీరు చూడబోయినప్పుడు ఒక పూట ఇటు రండి.

ఊరు దాటితే కొప్పెన్‌బర్గ్ గుట్ట. ఎక్కవలసిన దారి పొడవు 600 మీటర్లే. కాని ఒకచోట వాలు 22 శాతం. అంటే నూరడుగులు ముందుకు సాగేసరికి 22 అడుగులు పైకి ఎక్కాలన్నమాట! పైగా దారంతా గుండ్రటి రాళ్ళు. వాటిని అక్కడివాళ్ళు "పిల్లల తలకాయలు" అంటారు. వాన పడితే పాచిపట్టిన మెట్టులా జారుతాయి. 1976లో తొలిసారి దీన్ని పందెంలో చేర్చినప్పుడు ఆరితేరినవాళ్ళే దిగి నడిచారు. 1987లో ఇక్కడ పడిపోయిన పోటీదారు సైకిలుమీదుగా అధికారుల కారు వెళ్ళడంతో, 2002 దాకా ఈ గుట్టను పందెంనుంచి తప్పించారు.

ఇదే గుట్టమీద, పక్క పొలాల్లో, 1988లో సైక్లోక్రాస్ పందెం మొదలైంది. సుమారు గంటసేపు బురదలో, గడ్డిలో తొక్కుతారు. సాగని చోట సైకిలును భుజాన వేసుకుని పరుగెత్తుతారు. అంటే రెండురకాల సైకిళ్ళనూ ఒకే గుట్టమీద పోల్చి చూడవచ్చు.

దూరంనుంచి రెండూ ఒకలాగే వుంటాయి. రెండింటికీ కిందికి వంగిన హ్యాండిలే. తేడా చక్రాల దగ్గర వుంది. రోడ్డు సైకిలుకు నున్నటి సన్న టైర్లు, సాధారణంగా 25 నుంచి 32 మిల్లీమీటర్లు. క్రాస్ సైకిలుకు బొడిపెల టైర్లు. అంతర్జాతీయ పందేల్లో వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. బురద ఇరుక్కోకుండా ఫ్రేముకూ చక్రానికీ మధ్య ఎక్కువ ఖాళీ, ఎత్తు ఎక్కడానికి తేలిక గేర్లు వుంటాయి.

సన్న టైరులో గాలి గట్టిగా కొట్టాలి. అప్పుడు ప్రతి రాయి దెబ్బా నేరుగా అరచేతికి తగులుతుంది. చిటికెన వేలి వైపు అరచేతి మొదట్లో ఒక నరం వుంది. అది నలిగితే చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారుతాయి. నిర్లక్ష్యం చేస్తే పట్టు సడలుతుంది. వెడల్పు టైరులో గాలి కొంత తగ్గించవచ్చు కనుక అదురు తగ్గుతుంది. అయితే నున్నటి తారురోడ్డుమీద బొడిపెల టైరు బరువుగా సాగి, కాళ్ళను త్వరగా అలసిపోయేలా చేస్తుంది.

కాబట్టి మీరు తొక్కేది ఎక్కువగా తారురోడ్డయితే రోడ్డు సైకిలే కొనండి. కాని 30, 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేము చూసుకోండి. సగం రాళ్ళు, సగం మట్టిబాట అయితే క్రాస్ సైకిలు తీసుకుని, రోడ్డుమీదికి నున్నటి టైర్లు మరో జత వుంచుకోండి. రెండూ పందేలకు చేసినవే. నడుంనొప్పి వున్నవారు హ్యాండిలు కొంచెం ఎత్తుగా వుండేది ఎంచుకోవాలి.

ఏది కొన్నా సీటు ఎత్తు సరిచూడండి. పెడలు అడుగున వున్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందు పాదంతో తొక్కితే మోకాలు కాస్త వంగివుంటుంది. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు మరీ కిందికీ, వెనుక నొప్పి వస్తే మరీ పైకీ వుండవచ్చు. పావుగంటకోసారి చేతులు పట్టుకునే చోటు మార్చండి, సీటుమీంచి కాస్త లేవండి. రాళ్ళమీద హ్యాండిలును బిగించి పట్టకండి.

రెండుమూడు రోజుల విశ్రాంతి తరువాత కూడా తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం వున్నవారు ఇలాంటి ఎత్తులకు ముందుగా సలహా తీసుకోవాలి. ఎక్కుతుండగా ఛాతీలో నొప్పిగాని, కళ్ళు తిరగడంగాని అనిపిస్తే వెంటనే ఆగి, సహాయం పిలవండి. ఊరికే ఆయాసమైతే దిగి నడవండి. కొప్పెన్‌బర్గ్‌మీద అది ఎవరికీ చిన్నతనం కాదు.