హబషాకు వెళ్ళేవారికి కొన్ని మాటలు

ఇథియోపియా విశ్వవిద్యాలయాలలో బోధించేందుకు తెలుగు నేల నుండి వెళ్ళిన అధ్యాపకులు ఎందరో ఉన్నారు. మా పూర్వ విద్యార్థుల కుటుంబాలలోనూ అలాంటివారున్నారు. ప్రయాణానికి ముందు మమ్మల్ని కలిసినప్పుడు వారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "హజ్రత్, అక్కడ మాంసం తినవచ్చా?" దానికి జవాబు చెబుతాము. కాని అంతకుముందు, వారు ఎవరి గడపకు అతిథులుగా వెళుతున్నారో గుర్తు చేస్తాము.

మక్కాలో హింస భరించరానిదైనప్పుడు, క్రీ.శ. 615 ప్రాంతంలో, దైవప్రవక్త (స) తమ సహచరులను క్రైస్తవ రాజు నజాషీ ఏలుతున్న హబషాకు పంపారు. ఖురైషులు కానుకలతో దూతలను పంపి, వారిని తమకు అప్పగించమని కోరారు. నిండు సభలో జఅఫర్ బిన్ అబూ తాలిబ్ (రజి) మర్యమ్ సూరా వినిపించారు. రాజు కంటతడి పెట్టాడు, శరణార్థులను అప్పగించలేదు. నజాషీ మరణవార్త అందినప్పుడు దైవప్రవక్త (స) మదీనాలో ఆయనకు జనాజా నమాజు చేయించారు. ఆ దేశానికి మనం ఋణపడి ఉన్నాము. అక్కడి జనాభాలో నేడు సుమారు మూడోవంతు ముస్లిములు; క్రైస్తవులు అంతకంటే ఎక్కువ. ఇరుగుపొరుగున కలసి బ్రతుకుతారు.

ఇక మాంసం సంగతి. గ్రంథ ప్రజల ఆహారం ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో ఉంది. దాని షరతులను ఉలమాలు వివరించారు. అయితే ఇథియోపియాలో ముస్లిములు క్రైస్తవుల జిబహ్ తినరు, క్రైస్తవులు ముస్లిములది తినరు. ఇది తరతరాల ఆచారం. కసాయి అంగళ్ళు వేరు, మాంసం వడ్డించే హోటళ్ళు వేరు. దీనిని ఎవరూ అవమానంగా భావించరు. కాబట్టి "యె-ముస్లిమ్ సిగా?" (ముస్లిముల మాంసమేనా?) అని సంకోచం లేకుండా అడగవచ్చు. అడిగిన చోట వాదన మాత్రం పెట్టుకోవద్దు. ఫత్వా మన దగ్గర ఉన్నా, ఆచారం వారిది.

సందేహం తీరని ఊళ్ళో ఒక సులువైన మార్గముంది. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు, ప్రతి బుధ, శుక్రవారాలలోనూ ఉపవాసం పాటిస్తారు. ఆ రోజులలో వారు మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. పప్పు, శనగపిండి కూర, ఆకుకూరలు పరచిన ఇంజెరా ఒకే పళ్ళెంలో వస్తుంది. దోసెను తలపించే పుల్లని రొట్టె అది, టెఫ్ అనే చిరుధాన్యంతో చేస్తారు. "త్సోమ్" భోజనం కావాలని అడిగితే చాలు. ఆ మాట, మన "సౌమ్" ఒకే మూలం నుండి వచ్చినవని తెలిసినప్పుడు మా విద్యార్థులు ఎంతో సంతోషించారు. తేనెతో చేసే "తెజ్" మాత్రం మత్తు పానీయం. పేరు తీయనిదని మోసపోరాదు.

ఎక్కువమంది తికమకపడేది గడియారం దగ్గర. వారి లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వారికి ఒంటి గంట. మన సాయంత్రం ఏడు వారికి రాత్రి ఒంటి గంట. బస్సు పన్నెండుకు అంటే ఉదయం ఆరుకు అని అర్థం. ఎవరు సమయం చెప్పినా "హబషా లెక్కా, ఫెరెంజీ లెక్కా?" అని అడిగి తీరాలి. విమానాల సమయాలు మాత్రం మనకు తెలిసిన లెక్కలోనే ఉంటాయి. పంచాంగమూ వేరే. ఏడాదికి పదమూడు నెలలు. 2025 సెప్టెంబర్ 11న వారికి 2018 ప్రవేశించింది. అద్దె పత్రం మీద సంతకం చేసేముందు తేదీ ఏ లెక్కలో ఉందో చూసుకోవాలి.

నమాజు విషయంలో మన హనఫీ సోదరులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అక్కడ షాఫయీ మస్‌లక్ విస్తృతంగా ఉంది. అస్ర్ అజాన్ మనకంటే ముందే వినిపించవచ్చు, ఫజ్ర్‌లో ఇమాము ఖునూత్ చదవవచ్చు. ఆశ్చర్యపోవద్దు, జమాఅత్ విడువవద్దు. ఒకే ఊరిలో పదిహేను రోజులు లేదా అంతకుమించి ఉండే సంకల్పంతో వెళ్ళే హనఫీలు అక్కడ ఖస్ర్ చేయరు.

ఆరోగ్యం గురించి క్లుప్తంగా చెబుతాము. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు, అనుమతి పొందిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాదు వారికి నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. పసుపు కార్డు లేనివారిని తిరిగి వచ్చినప్పుడు విమానాశ్రయం నుండే క్వారంటైన్‌కు పంపుతారు. గర్భిణులు, చంటిపిల్లలు ఉంటే ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. అడిస్ అబాబా 2,300 మీటర్లకు పైన ఉన్న నగరం. వృద్ధులకు మొదటి రోజుల్లో ఆయాసం వస్తుంది. పల్లపు ప్రాంతాలలో మలేరియా ఉంది.

హరర్ తప్పక చూడదగిన ఊరు. పాత ప్రాకారం లోపల 82 మసీదులున్నాయి. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలమయింది. అక్కడ ఖాత్ ఆకు బహిరంగంగా నములుతారు. మర్యాదగా ఇచ్చినా చేతులు జోడించి వద్దనాలి. మన దేశానికి దానిని తేవడం నేరం. నజాషీ సమాధి ఉన్నదని చెప్పే నెగాష్ గ్రామం టిగ్రాయ్‌లో ఉంది. 2020లో మొదలైన యుద్ధంలో అక్కడి మసీదు దెబ్బతిన్నది. వెళ్ళాలనే కోరిక మంచిదే, కాని మన విదేశాంగ శాఖ సూచనలు చూడకుండా కుటుంబాన్ని వెంటబెట్టుకొని బయలుదేరడం సరికాదు.

ఎవరైనా కాఫీకి పిలిస్తే, ముస్లిములైనా క్రైస్తవులైనా, ఆ పూట మరో పని పెట్టుకోవద్దు. గింజలు మన ఎదుటే వేయించి, దంచి, మూడు విడతలు పోస్తారు. మొదటిది అబోల్, రెండవది తోనా. మూడవదాని పేరు బరకా. అది తాగకుండా లేవకూడదు.