ఎర్రమట్టి దారి, యాభై దాటిన నడుము

చిన్ననాడు తిరిగిన కొండదారుల్లో పాత స్నేహితులతో మళ్ళీ జీపెక్కాలని యాభై దాటినవారికి కూడా ఉంటుంది. వెళ్ళవచ్చునా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. వెళ్ళవచ్చు. అయితే దారి పాతదే గాని, నడుము పాతది కాదు!

1990ల్లో విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో హౌస్ సర్జన్లుగా ఉండగా, సెలవు దొరికితే మేం నలుగురం పాత జీపులో పాడేరు బయల్దేరేవాళ్ళం. మాడుగులలో హల్వా పొట్లం కట్టించుకుని ఘాటీ ఎక్కేవాళ్ళం. పాడేరు దాటాక తారురోడ్డు వదిలి ఎర్రమట్టి బాట పట్టేవాళ్ళం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, కార్తీకంలోనైతే పసుపు ఆరబోసినట్లు వలిసె పూలు! చక్రం బురదలో దిగబడితే నవ్వుకుంటూ తోసేవాళ్ళం. నడుమనేది ఒకటుందని కూడా మాకు గుర్తుండేది కాదు.

2022లో పాడేరు జిల్లా కేంద్రమైంది. ఇప్పుడు వంజంగి మేఘాలు చూడటానికి జనం బారులు తీరుతున్నారు. కిందటి శీతాకాలం మేమూ వెళ్ళాం. వెనక సీటులోని మిత్రుడు ఒక గోతి దగ్గర ఎగిరి, కూర్చున్నచోటనే పడ్డాడు. పట్టేసిందనుకున్నాడు. ఎక్స్‌రే తీస్తే నడుము మొదటి పూస ముందువైపు అణిగిపోయి ఉంది. మూడు నెలలు బెల్టు కట్టుకున్నాడు.

ఎందుకిలా జరుగుతుంది? వయసుతో ఎముక పలచబడుతుంది. పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల్లో నీరు తగ్గుతుంది. పైగా కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే కుదుపులకు ఎక్కువగా అదురుతుంది.

కాబట్టి వెనక చక్రాల మీది సీటు కుర్రవాళ్ళకు వదలండి. ముందు సీటులో బెల్టు పెట్టుకుని, వీపు ఆనించి కూర్చోండి. అరగంటకొకసారి దిగి నాలుగడుగులు వేయండి. ముట్లుడిగిన స్త్రీలు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు, డిస్కు జబ్బున్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

దెబ్బ తగిలి నడుము నొప్పెడుతుంటే కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి జీపులో కూలేయకండి. కదిలించకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కాళ్ళు బలహీనమైనా, మూత్రం బిగబట్టినా, పిరుదుల దగ్గర స్పర్శ తగ్గినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. ఏజెన్సీ నుంచి వచ్చాక కొన్ని వారాల్లోగా జ్వరం తగిలితే మలేరియాకు రక్తపరీక్ష తప్పనిసరి.

దారి మరీ గతుకులుగా ఉన్నచోట జీపు దిగి నడవండి. నడక ఎముకకు మేలు చేస్తుంది. స్నేహితులు పక్కనుంటే కొండ కూడా అంత ఎత్తనిపించదు.