గద్వాల మన జిల్లాలో ఉన్నప్పుడు

మన పత్రికలో పండుగలను గురించి, పిండివంటలను గురించి, పెద్దల జీవితాలను గురించి తరచు వ్రాస్తూ ఉంటారు. నేను ఒక సంవత్సరాన్ని గురించి వ్రాయదలచాను. అది 1956. అప్పటికి నేను పుట్టలేదు. పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. అయినా మా ఇంట్లో ఆ సంవత్సరం ఇంతవరకు ముగియలేదు.

అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో తెలుగువారు, కన్నడిగులు, మరాఠీలు ఒకే కప్పు కింద ఉండేవారు. మన రాయచూరు జిల్లాలో గద్వాల, అలంపురం తాలూకాలు ఉండేవి. మా తాతగారు రాయచూరు కచేరీలో గుమాస్తా. ఆయన తమ్ముడు, మా చిన్నతాత, అలంపురం తాలూకాలో బడిపంతులు. మా అవ్వ పుట్టిల్లు గద్వాల. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కచేరీలో ఉర్దూ. ఇందులో విశేషం ఉన్నదని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదట.

ఫజల్ అలీ, కుంజ్రు, పణిక్కర్‌గార్ల సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక యిచ్చింది. తెలంగాణాను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండువంతులు ఒప్పుకుంటే ఆంధ్రతో కలపమని వారి సలహా. కాని వ్యవహారం అంతదాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. మార్చిలో నెహ్రూగారు నిజామాబాదులో విలీనం సంగతి ప్రకటించారు. ఆగస్టు 31న చట్టం వచ్చింది. నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై, తెలుగు జిల్లాలు ఆంధ్రకు, మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయినాయి. ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావుగారు అదే నెలలో కేరళకు గవర్నరుగా వెళ్ళారు. తన రాష్ట్రమే లేకుండా పోయిన ముఖ్యమంత్రిని మరొక భాషవారికి పెద్దగా పంపడం ఎవరి ఆలోచనో గాని, నాకు ముచ్చటగానే తోస్తుంది.

అవ్వకు ఈ తేదీలేవీ తెలియవు. ఆమెకు ఆ సంవత్సరం అంటే జడ్చర్ల, మహబూబునగరం మధ్య వంతెన కూలి రైలు పడిపోయి, నూరుమందికి పైగా చచ్చిపోయిన సంవత్సరం. అది సెప్టెంబరులో జరిగింది. "ఆ యేడే రైలు పడె, ఆ యేడే నా పుట్టిల్లు వేరే రాజ్యమాయె" అనేది. రెండూ ఒక్క ఊపిరిలోనే చెప్పేది.

మన జిల్లా మట్టుకు చట్టంలో ఉన్నది ఒకటిన్నర పంక్తి. రాయచూరు జిల్లా, అలంపురం, గద్వాల తాలూకాలు మినహా, మైసూరుకు. ఆ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు. నేను ఇన్నేళ్ళు దస్త్రాలమధ్య బ్రతికినవాణ్ణి. "మినహా" అన్న మాట ఎంత బరువు మోస్తుందో నాకు బాగా తెలుసు. ఆ మాటకు అటు చిన్నతాత, ఇటు తాతగారు. ఆ రోజున ఎవరు ఏ కుర్చీలో ఉంటే అక్కడివారే అయ్యారు. తాతగారు ముప్పై దాటిన తరువాత కన్నడ దస్తూరీ దిద్దుకున్నారు. పెద్ద కష్టం కాలేదట. తలకట్టు దగ్గర చెయ్యి తిప్పడం మార్చుకుంటే చాలునని చెప్పేవారు.

ఆస్తులకు, ఉద్యోగాలకు పంపకం జరిగింది గాని నీటికి పంపకం అంత సులభం కాదు. మాన్వి తాలూకాలో తుంగభద్రమీద రాజోలిబండ ఆనకట్ట సంగతి మనలో చాలామందికి తెలుసు. హైదరాబాదు రాష్ట్ర కాలంలో దాన్ని తలపెట్టినప్పుడు తల, తోక ఒకే జిల్లాలో ఉన్నాయి. గీత పడేసరికి కాలువ రెండు రాష్ట్రాలదైంది. మొత్తం 143 కిలోమీటర్ల కాలువలో మొదటి 42 కిలోమీటర్ల పైచిలుకు మనవైపు. కాని మనవైపు ఆయకట్టు 5,879 ఎకరాలే. అటువైపు 87,500 ఎకరాలు. 2014లో తెలంగాణ ఏర్పడ్డ తరువాత మరీ చిత్రం: ఆనకట్ట ఎడమకొస కర్ణాటకలో, కుడికొస ఆంధ్రప్రదేశ్‌లో, పైరు తెలంగాణలో.

ఆ కాలువ చివర మాకు మూడెకరాలు. తాతగారి పేర, చిన్నతాత పేర కలిపి ఉన్న భూమి. సేద్యం మొదటినుంచీ చిన్నతాతవారిదే. ప్రతి యేడూ నాటు వేళకు చిన్నతాత కొడుకు, మా చిన్నాయన, నాకు ఫోను చేస్తాడు.

"ఏమిరా, మీరు నీళ్ళెప్పుడిడుస్తరు?"

నేను నీటిశాఖవాణ్ణి కాను, తూములు నా చేతిలో లేవు అని ఎన్నోమార్లు చెప్పాను. ఆయన దృష్టిలో కర్ణాటక సర్కారంటే నేనే. "నువ్వు కచేరీలోనే గదరా ఉంటివి, ఎవరికో ఒకరికి చెప్పు" అంటాడు. తుమ్మిళ్ళ దగ్గర ఎత్తిపోతల వచ్చిన తరువాత ఆ ఫోనులు కొంత తగ్గాయి. తగ్గినందుకు సంతోషించాలో, చింతించాలో తెలియదు. ఆ ఫోనే లేకపోతే పెళ్ళిళ్ళకు తప్ప మేము మాట్లాడుకునేది ఉండదు.

మా ఆఫీసులో కుర్రవాళ్ళు మధ్యాహ్నం టిఫిను వేళ పత్రిక చదువుతూ ఐరోపా సంగతులు వాదించుకుంటారు. నేనూ వింటాను. మన గీత పడ్డ అయిదు నెలలకే, 1957 మార్చి 25న, రోము నగరంలో ఆరు దేశాలవారు కూర్చుని మధ్యనున్న సుంకాల గోడలు తీసివేయాలని వ్రాసుకున్నారు. ఆ ఆరు నేడు 27 అయ్యాయి. 24 భాషలను అధికార భాషలుగా పెట్టుకున్నారు. రుమేనియా, బల్గేరియావారికి భూమార్గపు హద్దులమీద తనిఖీ 2025 జనవరి 1నుంచి పోయింది. బ్రిటనువారు మాత్రం 2016లో ఓటు వేసి, 2020 జనవరి 31న బయటికి నడిచారు. ఐర్లండులో ఉత్తర, దక్షిణాల నడుమ ఉన్న హద్దును ఏం చేయాలన్నదానిమీద సంవత్సరాలు తర్జనభర్జన పడ్డారు. పొలం అటు, ఇల్లు ఇటు ఉన్నవారికోసం ప్రభుత్వాలు అంత తల పట్టుకోవడం నాకు గౌరవంగా తోచింది. మనకు సంవత్సరంలో అంతా తేలిపోయింది. ఒక్క దేశంలోని గీతే కదా, రాకపోకలకు అడ్డేమిటని అందరూ అనుకున్నారు. నిజానికి అడ్డేమీ లేదు. 2013లో గద్వాలకు రైలుకూడా పడింది. సుమారు అరవై కిలోమీటర్లు.

అయితే 2020 ఏప్రిల్‌లో ఆ అరవై కిలోమీటర్లు దాటలేకపోయాము. కరోనా కట్టడి రోజులు. మా చిన్నవ్వ పోయింది. ఇటు పోలీసులు, అటు పోలీసులు, నడుమ రోడ్డుమీద ముళ్ళకంప. నాన్నగారు ఇంటి అరుగుమీద కూర్చుని ఫోనులో దహనం చూశారు. ఆమె చిన్నప్పుడు నాన్నగారిని ఎత్తుకు తిరిగిన మనిషి. ఆ రోజు ఆయన నాతో అన్న మాట ఒక్కటే: "మా చిన్నమ్మది వేరే ఊరనుకున్నానురా, వేరే రాష్ట్రమని ఇవాళే తెలిసింది."

చదువులు, ఉద్యోగాల్లో కూడా అంతే. 371జె అధికరణం వల్ల పుట్టుకచేత గాని, నివాసంచేత గాని ఈ ప్రాంతపువారైన పిల్లలకు మనవైపు స్థానికపు కోటా ఉన్నది. నా పిల్లలకు అది వర్తిస్తుంది. చిన్నాయన మనవళ్ళు అటువైపు స్థానికులు. ఇద్దరన్నదమ్ముల సంతానం ఎవరి వరుసలో వారు నిలబడతారు. దీన్ని నేను తప్పు పట్టను. వెనుకబడిన ప్రాంతానికి అది కావలసిందే.

ఈ యేడు ఫోను వచ్చింది గాని నీళ్ళకు కాదు. చిన్నాయనకు డెబ్బై దాటాయి, కొడుకు హైదరాబాదులో స్థిరపడ్డాడు, పొలం అమ్ముతారట. పాత కాగితాల్లో తాతగారి పేరు ఉంది గనుక మావైపు సంతకాలు కావాలి. నాన్నగారికి ఇష్టం లేదు. డబ్బుకోసం కాదు. "ఆ మూడెకరాలు ఉన్నంతకాలం వాడు నీళ్ళకన్నా అడుగుతాడు" అంటారు. నేను సంతకం పెడదామనే అన్నాను. సేద్యం చేసినవాడు అలసిపోయినాక, కాగితంమీద పేరున్నవాడు పట్టుకు కూర్చోవడం న్యాయం కాదు. రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడవనాడు, "ఏ రోజు రమ్మన్నాడు?" అని అడిగారు.

ఇక్కడ యిచ్చిన వంశవృక్షం కన్నడంలో ఉంటుంది. అటువైపు తెలుగు కావాలి. నేనే కూర్చుని తెలుగుచేశాను. దానితో జతపరచడానికి తాతగారి సర్వీసు రిజిస్టరు నకలు తీశాను. అందులో జన్మస్థలం గడిలో అలంపురం తాలూకా, రాయచూరు జిల్లా, హైదరాబాదు రాష్ట్రం అని ఉన్నది. అలా ఉంటే అక్కడ అభ్యంతరం చెప్తారేమో, ఇప్పటి జిల్లా పేరు వెయ్యరాదా అని చిన్నాయన భయపడ్డాడు. రికార్డులో ఉన్నది ఉన్నట్టే వ్రాశాను. శుక్రవారం రైలుకు బయలుదేరుతున్నాము. నాన్నగారు కూడా వస్తామన్నారు.