గట్టు మీద గడ్డి... అడవిలో చెట్టు!

వరి గడ్డిజాతి మొక్క. జొన్నా అంతే, చెరకూ అంతే. వెదురు కూడా వాటికి దగ్గరి చుట్టమే. అరవై అడుగులు పెరిగినా సరే, వృక్షశాస్త్రం లెక్క ప్రకారం అది గడ్డే. చెట్టు మానులా ఏటేటా లావెక్కదు. తొలకరి తర్వాత నేలలోంచి పొడుచుకొచ్చిన కొమ్ము కొద్ది నెలల్లోనే పూర్తి ఎత్తుకు చేరిపోతుంది. ఆ తర్వాత ముదరడమే దాని పని.

1927 నాటి భారత అటవీ చట్టం మాత్రం వెదురును చెట్టు కిందే జమకట్టింది. ఈ ఒక్క మాటతో ఏమవుతుంది అనుకుంటాం కానీ, చాలానే అయింది. చెట్టన్నాక నరకాలంటే అనుమతి కావాలి, బండెక్కించాలంటే పర్మిట్ కావాలి. అడవిలో మొలిచినదానికే కాదు, సొంత చేలో పెంచుకున్నదానికీ చాలాచోట్ల ఇదే తంతు.

ఆ తంతు ఎలా ఉంటుందో మా తాతయ్యకు బాగా తెలుసు. అమ్మమ్మ వాళ్లది మెట్ట ఊరు. చేను గట్టు చివర పెద్ద వెదురు పొద ఉండేది. పందిరికైనా, పశువుల పాకకైనా, చివరికి ఎవరైనా పోతే పాడెకైనా ఊళ్లోవాళ్లు అక్కడికే వచ్చేవారు. తాతయ్య ఎవరినీ కాదనేవాడు కాదు. ఒక ఎండాకాలం మా మావయ్య పాక వేసుకుంటుంటే నలభై గెడలు కొట్టించి బండిమీద పంపించాడు. దారిలో చెక్‌పోస్టు దగ్గర బండి ఆపేశారు. పర్మిట్ ఏదన్నారు. మా గట్టు మీదివే అంటే రుజువేమిటన్నారు. పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని రెండ్రోజులు తిరిగాక గానీ గెడలు కదల్లేదు. ఆ రాత్రి అరుగుమీద కూర్చుని తాతయ్య అన్నమాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ‘‘మొలిచినంతసేపూ నాదేనట్రా, బండెక్కితే నాది కాదట!’’

మరుసటేడు ఆ పొద మొత్తం కొట్టించేసి కొబ్బరి మొక్కలు నాటాడు. అడవిని కాపాడాలని పెట్టిన నిబంధన ఒక రైతు గట్టు మీదున్న పచ్చదనాన్ని తీయించేసింది.

అధికారుల భయంలోనూ నిజం లేకపోలేదు. గట్టు మీది వెదురుకు పర్మిట్ అక్కర్లేదంటే అడవిలో కొట్టిన వెదురు కూడా ‘మా గట్టుదే’ అంటూ ఊళ్లోకి వస్తుంది. నరికి పడేసిన గెడను చూసి అది ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? అయితే వెదురును అసలు కొట్టకుండా వదిలేయడమూ మంచిది కాదు. ముదిరిన గెడలు ఎప్పటికప్పుడు తీస్తుంటేనే కొత్త కొమ్ములకు చోటు దొరుకుతుంది. లేదంటే పొద బిగుసుకుపోతుంది. లేతవి వదిలి, మూడేళ్లు దాటినవి కొట్టుకుంటూ పోతే ఒక్క పొద పూత పూసి ఎండిపోయేదాకా, అంటే దశాబ్దాల తరబడి ఫలసాయం ఇస్తుంది. ఈ సంగతి మేదరికీ తెలుసు, కొండమీది గిరిజనుడికీ తెలుసు.

విచిత్రం ఏమిటంటే... వాళ్లిద్దరికీ దొరకని వెదురు కాగితం మిల్లులకు దొరికింది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వాలు దశాబ్దాల పాటు అడవుల్లోని వెదురును నామమాత్రపు రాయల్టీకి మిల్లులకు రాసిచ్చాయి. చేటలూ బుట్టలూ తట్టలూ అల్లుకునే మేదరి మాత్రం డిపో చుట్టూ తిరగాలి, లేదా బజారు ధర పెట్టి కొనుక్కోవాలి. కాగితం మీద రాసి బతికే ఉద్యోగం నాది. ఈ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అడవి ఫలసాయంలో మొదటి వాటా అక్కడి గిరిజనులదేననీ, పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతులతో పెంచించుకోవాలనీ 1988 జాతీయ అటవీ విధానం స్పష్టంగానే చెప్పింది. ఆచరణలోకి రావడానికే ఏళ్లు పట్టింది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అంటే దాన్ని సేకరించుకుని అమ్ముకునే హక్కు అడవిబిడ్డలదే. మన ప్రాణహితకు అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖ అనే గోండుల ఊరుంది. మన ఆదిలాబాద్ గోండుల బంధుజనమే వాళ్లు. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద ఆ ఊరికి సామూహిక హక్కు పత్రం వచ్చింది. తీరా వెదురు అమ్ముకుందామంటే రవాణా పాసు ఇవ్వలేదు. పత్రం చేతిలో ఉంది, సరుకు మాత్రం ఊరు దాటదు! ఊరంతా పట్టుబట్టింది. చివరికి 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఆ ఊరికే వచ్చి, పాసుల పుస్తకాన్ని గ్రామసభ చేతికిప్పించారు. ఇకమీదట పాసు రాసేది ఆ ఊరే. మరుసటి సంవత్సరం నిబంధనలను సవరించి, పాసులు ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీలదేనని దేశమంతటికీ వర్తించేలా చెప్పారు.

ఇక 2017 నవంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి 1927 చట్టంలోని చెట్టు నిర్వచనంలోంచి వెదురును తీసేసింది. తొంభై ఏళ్ల తర్వాత గడ్డి మళ్లీ గడ్డి అయింది. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ సవరణ ఉద్దేశం అడవి బయట పెరిగే వెదురుకు వెసులుబాటు ఇవ్వడమే. అడవిలోని వెదురు మీద పాత అదుపు అలాగే ఉంది. ఒకే మొక్క... గట్టు మీద గడ్డి, గట్టు దాటి అడవిలోకి వెళితే చెట్టు!

మొన్న సంక్రాంతికి నాన్న అడిగారు, ‘‘పొలం చుట్టూ వెదురు వేద్దామనుకుంటున్నా. నువ్వు ఇలాంటివి రాస్తుంటావుగా, పెరిగాక కొట్టుకోనిస్తారా?’’ అని. మన దగ్గర 1967 నుంచి రాష్ట్ర అటవీ చట్టం విడిగా ఉంది. అందుకే కేంద్ర చట్టం మారిందన్న ధీమాతో ఉండకుండా, ముందు రేంజి ఆఫీసుకెళ్లి ఇప్పుడున్న నిబంధనలేమిటో కనుక్కుని రాయించుకోమన్నాను. నాన్న నవ్వి, ‘‘అంటే మొక్క కంటే ముందు కాగితం నాటాలన్నమాట’’ అన్నారు.

నిజమే. నాటేవాడు మొక్కతో పాటు నమ్మకాన్నీ నాటుతాడు. మూడేళ్లకో నాలుగేళ్లకో గెడ చేతికొచ్చినప్పుడు ‘ఇది నీదే’ అని ఎవరో ఒకరు అంటారన్న నమ్మకం అది. అది ఉంటే రైతు గట్టూ పచ్చబడుతుంది, ఊరి పక్కనున్న అడవినీ ఊరే కాచుకుంటుంది.