మూడు ఊర్లు చాలు

మా చొప్పదండి వైపు ఒకప్పుడు విదేశమంటే గల్ఫే. అప్పులు తీర్చుకోవడానికి పోయేవారు. ఇప్పుడు అమ్మను తీసుకొని ఊరికే చూసిరావడానికి పోతున్నామంటే మనసు నిండిపోతోంది. అందుకే ఆశపడి ఊర్లు పెంచలేదు. పారిస్, జూరిక్, వెనిస్. మూడింటికీ ఒకే షెంగెన్ వీసా. పారిస్ నుంచి జూరిక్‌కు టీజీవీ అనే వేగపు రైల్లో నాలుగు గంటల పైచిలుకు. పలు యూరప్ దేశాల రైళ్లకు పనికొచ్చే యూరైల్ పాస్ ఉన్నా ఆ బండికి సీటు రిజర్వేషన్ వేరే కొనాలి. స్విట్జర్లాండ్ లోపలి రైళ్లకు చాలావరకు అక్కర్లేదు. జూరిక్ దాటాక వెనిస్ దారిలో 2016లో తెరిచిన గొట్టార్డ్ సొరంగం, 57 కిలోమీటర్ల చీకటి. కొండలు చూడాలంటే పైనుంచి పోయే పాత లైనే మేలు, కాస్త ఆలస్యమైనా సరే. అమ్మకు ఆ దారే చూపిస్తా. పెద్దవాళ్లతో పోయేవారు మనిషికొక్క పెట్టె పెట్టుకోండి, బండి మారేచోట గంటైనా వ్యవధి ఉంచుకోండి.