ఆ లైను ఎందుకుంది?



ఈ నెల నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

2015లో నేను పనిచేస్తున్న చోట, దరఖాస్తుల్లో జనం టైపు చేసే పేర్లను శుభ్రం చేసే కోడ్ ఒకటి ఉండేది. ఎక్కడినుంచో కాపీ చేసి అతికించిన పేర్లలో కంటికి కనబడని అక్షరాలు దూరుతుంటాయి. వాటిని ఏరిపారేయడం దాని పని. తెలుగు పేర్ల దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. ‘రాజ్‌కుమార్’ అన్నప్పుడు జ్‌కీ కుకీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం కూర్చుని ఉంటుంది. అది ఉంటేనే పొల్లు పొల్లుగా నిలుస్తుంది. పోతే ‘రాజ్కుమార్’ అవుతుంది, జ కింద క వత్తు వేలాడుతుంది. దాని జోలికి పోవద్దని ఒకే ఒక్క లైను చేర్చాను. మార్పుతో పాటు రాసే వివరణ, అంటే కమిట్ మెసేజ్‌లో ‘చిన్న ఫిక్స్’ అని కొట్టి భోజనానికి వెళ్ళిపోయాను.

2018 ఫిబ్రవరి గుర్తుందా? జ్ఞ‌తో మొదలయ్యే ఒక తెలుగు అక్షరాల వరుస తెరమీదికొస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆ వరుసలో మన నాన్ జాయినర్ కూడా ఉంది. ఆ కంగారులో, కొత్తగా చేరిన కుర్రాడొకడు దీన్ని ఎక్కడెక్కడ వదిలేస్తున్నామో వెతుకుతూ నా లైను దగ్గర ఆగాడు. ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్ కొట్టాడు (ఆ పేరు ఊరికే పెట్టలేదు!). నా పేరొచ్చింది, తేదీ వచ్చింది, ఆ కమిట్ తెరిస్తే ‘చిన్న ఫిక్స్’ వచ్చింది. అప్పటికి నేను వేరే టీములో ఉన్నాను. అతను లైను తీసేశాడు. అతని స్థానంలో నేనున్నా తీసేసేవాణ్ణే.

వారం తిరక్కుండా రాజ్‌కుమార్‌లంతా రాజ్కుమార్లయ్యారు. పేరు తప్పుగా అచ్చయిందని ఫిర్యాదులు మొదలయ్యాయి.

ఏం మార్చామో ప్యాచ్ విప్పి చూస్తే ఎవరికైనా కనబడుతుంది. ఏ బాధ పడలేక మార్చామో మాత్రం మనం రాస్తేనే తెలుస్తుంది. ఈ దెబ్బ తిన్నాక, లినక్స్ కెర్నెల్‌కు ప్యాచ్‌లు పంపేవాళ్ళ కోసం అక్కడివాళ్ళు రాసిపెట్టుకున్న నియమాలు కూర్చుని చదివాను. ప్యాచ్ ఒక్క లైనైనా సరే, అయిదు వేల లైన్లయినా సరే, ముందు సమస్య చెప్పమంటారు. వాడేవాళ్ళకు అది ఎలా తగిలిందో చెప్పాలి. వేగం పెంచామంటే అంకెలు చూపించాలి, ఆ వేగానికి బదులు ఏం వదులుకున్నామో కూడా. పాత కమిట్ తెచ్చిన తప్పును దిద్దుతుంటే, ఆ కమిట్ గుర్తులో కనీసం మొదటి 12 అక్షరాలు రాయాలి. ‘పోయినసారి పంపినదానికీ దీనికీ తేడా ఇదీ’ లాంటి కబుర్లు మూడు అడ్డగీతల కింద పెడితే రివ్యూ చేసేవాళ్ళు చదువుకుంటారు, చరిత్రలోకి మాత్రం ఎక్కవు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే.

ఇంకో వింత నియమముంది. ‘మార్చాను’ అనకూడదట, ‘మార్చు’ అనాలట. మన చెవికి ఎవరినో ఏకవచనంలో గదమాయిస్తున్నట్టుంటుంది. కానీ ఆ ఆజ్ఞ మనుషులకు కాదు, కోడ్‌కు. అలా అనుకున్నాక నాకూ అలవాటైపోయింది.

ఆ లైను మళ్ళీ చేర్చినప్పుడు రాసిన వివరణ ఇది. అసలుది ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ మన మాటల్లో:

‘తెలుగు పేర్లలోంచి నాన్ జాయినర్‌ను తీసెయ్యకు.

అది పోతే రాజ్‌కుమార్ అనే పేరు రాజ్కుమార్ అని అచ్చవుతోంది. ఐఫోన్ సమస్య 11.2.6తో తీరింది కాబట్టి ఆ కారణంగా దీన్ని తీసేయనక్కర్లేదు. రెండు తెలుగు అక్షరాల మధ్య ఉన్నప్పుడే వదిలేస్తున్నాం, పేరు చివర ఉంటే ఎప్పటిలాగే తీసేస్తున్నాం. ఇప్పటికే పాడైన పేర్లు దీనివల్ల బాగుపడవు.’

చివరి వాక్యం నేను రాయలేదు. మన లోటు మనమే ఎందుకు చాటుకోవడం అనిపించింది. “అది కూడా ఉండాలి సార్” అని ఆ కుర్రాడే పట్టుబట్టి చేర్పించాడు. ఆ పాడైన పేర్లను ఇద్దరం రెండు శనివారాలు ఆఫీసులో కూర్చుని చేత్తో దిద్దాం.

ఉంటాను,
మీ మిత్రుడు